పాఠమూ యంత్రమూ: బౌల్డర్ ప్రయోగశాల లేవనెత్తే ప్రశ్నలు

కొలరాడో విశ్వవిద్యాలయపు బౌల్డర్ ప్రాంగణం అంచున, ఒక పాత ఇంటి నేలమాళిగలో, మీడియా ఆర్కియాలజీ ల్యాబ్ అనే ప్రయోగశాల ఉంది. ఆంగ్లశాఖలో సాహిత్యం బోధిస్తున్న రోజుల్లో లోరి ఎమర్సన్ దీన్ని 2009లో ప్రారంభించారు. ఆల్టెయిర్ 8800, యాపిల్ టూ-ఈ, యాపిల్ లీసా, కమోడోర్ 64, నెక్స్ట్ వంటి కంప్యూటర్లు, వెక్ట్రెక్స్ వంటి ఆటల యంత్రాలు, వాటి ఫ్లాపీలు, వాటితో వచ్చిన వాడుక పుస్తకాలు అక్కడ బల్లల మీద కొలువుతీరి ఉంటాయి. ఇటువంటి వస్తువులు చాలా మ్యూజియంలలో ఉన్నాయి. కాని అక్కడ అవి అద్దాల వెనక ఉంటాయి. ఇక్కడ అద్దాలు లేవు. వచ్చినవారు యంత్రాన్ని ఆన్ చేయవచ్చు, ఫ్లాపీ పెట్టి నడపవచ్చు, సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసి చూడవచ్చు.

వైద్యకళాశాలలో చదివినవారికి ఈ తేడా వెంటనే బోధపడుతుంది. పాథాలజీ మ్యూజియంలో ఫార్మలిన్ సీసాలో ఉన్న గుండెను చూడటం వేరు, వార్డులో రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వినడం వేరు. మొదటిది ఆకారాన్ని చూపిస్తుంది, రెండవది ఆ అవయవం చేసే పనిని వినిపిస్తుంది. సీసాలోని గుండె ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. వార్డులోని గుండె ఏదో ఒకనాడు ఆగిపోతుంది. బౌల్డర్ ప్రయోగశాల తెలిసి తెలిసి రెండవ మార్గాన్ని ఎంచుకుంది. ఈ ఎంపిక సాహిత్యాన్ని చదివే పద్ధతికి కొత్తగా ఏమి చేర్చింది, అది ఎక్కడ చాలకుండా పోతుంది, తెలుగువారికి ఇందులో నేర్చుకోవలసింది ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించే విషయాలు.

ఒక కవితాసంపుటి, దాని యంత్రం

ఈ ప్రయోగశాల పుట్టుకకు మూలం పాత వస్తువుల మీద మోజు కాదు, ఒక కవితాసంపుటి. కెనడా కవి బీపీ నికల్ (1944–1988) తన 'ఫస్ట్ స్క్రీనింగ్' అనే సంపుటిని 1984లో కాగితం మీద కాక అయిదుంబావు అంగుళాల ఫ్లాపీ మీద ప్రచురించాడు. అండర్‌విచ్ ఎడిషన్స్ అనే చిన్న ప్రచురణసంస్థ దానికి 100 ప్రతులు వేసింది. అందులో ఉన్నవి 12 కవితలు. నిజానికి ప్రతి కవితా యాపిల్‌సాఫ్ట్ బేసిక్ భాషలో రాసిన ఒక చిన్న ప్రోగ్రామ్. దాన్ని నడిపితే మాటలు తెర మీద కదులుతాయి, ఒకదాని చోట ఇంకొకటి వచ్చి నిలుస్తుంది, ఒక అక్షరం మారి అర్థం తిరగబడుతుంది. ఈ సంపుటిని విద్యార్థుల చేత దాని సొంత యంత్రం మీద చదివించాలనే ఆలోచనతోనే ఎమర్సన్ యాపిల్ టూ-ఈ కంప్యూటర్లను సేకరించడం మొదలుపెట్టారు. తక్కినవన్నీ ఆ తర్వాత వచ్చి చేరాయి.

సొంత యంత్రం మీదే ఎందుకు చదవాలి? ఇందుకు మూడు కారణాలు కనిపిస్తాయి. మూడూ సాహిత్యపరమైనవే.

మొదటిది కాలం. యాపిల్ టూ-ఈలో ఉన్నది సుమారు ఒక మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే 6502 ప్రాసెసర్. ఒక మాట తెర మీద కాసేపు నిలవాలంటే ఆనాటి బేసిక్ ప్రోగ్రామర్లు యంత్రం చేత ఏ పనీ లేకుండా ఒకటి నుంచి వెయ్యి దాకా లెక్కపెట్టించేవారు. నికల్ వాడినదీ ఆ ఉపాయమే. అంటే కవితలోని విరామం గడియారంతో కొలిచినది కాదు, ఆ యంత్రపు మందకొడితనం నుంచి పుట్టినది. అదే ప్రోగ్రామ్‌ను అదుపు లేకుండా నేటి ప్రాసెసర్ మీద పరుగెత్తిస్తే విరామం అన్నది మిగలదు. యతి తప్పిన పద్యానికి పట్టే గతే దానికీ పడుతుంది.

రెండవది స్థలం. ఆ తెర మీద వరసకు 40 అక్షరాలు, మొత్తం 24 వరసలు. పుస్తకంలో కవి పుట అంచును పెద్దగా పట్టించుకోకపోవచ్చు. ఇక్కడ ప్రతి అక్షరానికీ ఒక గడి ఉంది, ఆ గడులలోనే కవి పని చేయాలి. బంధకవిత్వంలో గళ్ళకు లోబడి అక్షరాలు అమర్చే సంప్రదాయం తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది అంత వింతగా తోచదు. అయితే బంధకవి తన గళ్ళను తానే గీసుకుంటాడు, నికల్‌కు వాటిని గీసి ఇచ్చింది ఒక కంపెనీ.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. సంపుటిని మామూలుగా నడిపితే తెర మీదికి రాని కవిత ఒకటి అందులో దాగి ఉంది. ప్రోగ్రామ్‌ను ఆపి, లిస్ట్ అనే ఆదేశం ఇచ్చి, ఆ వరసలను చదివితేనే దాని జాడ దొరుకుతుంది. నిర్దిష్టమైన వరస నుంచి నడిపితే ఆ కవిత కదులుతుంది. అంటే నికల్ ఊహించిన పాఠకుడు తెర ముందు చూస్తూ కూర్చునే ప్రేక్షకుడు కాదు. ప్రోగ్రామ్ చదవగలిగినవాడు, కనీసం చదవాలన్న కుతూహలం ఉన్నవాడు. ఆ యంత్రం కూడా అటువంటి పాఠకుడినే ఆశించింది. ఫ్లాపీ ఏదీ లేకుండా యాపిల్ టూ-ఈని ఆన్ చేసి కంట్రోల్, రీసెట్ మీటలు కలిపి నొక్కితే, తెర మీద ఒక చదరపు కుండలీకరణం, దాని పక్కన మిణుకుమిణుకుమనే చుక్కాని ప్రత్యక్షమవుతాయి. ప్రోగ్రామ్ రాయమని ఇచ్చిన ఆహ్వానం అది. నేటి ఫోను ఎవరినీ అలా ఆహ్వానించదు.

2007లో కొందరు కవులు, సాహిత్యాభిమానులు కలిసి ఈ సంపుటిని ఇంటర్నెట్‌లోకి తెచ్చారు. వారు అనుసరించిన పద్ధతి గమనించదగ్గది. ఒకే రూపాన్ని ప్రామాణికమని ప్రకటించకుండా, ఎమ్యులేటర్‌లో నడిపే మూల ఫ్లాపీ ప్రతిబింబాన్ని, 1990ల తొలినాళ్ళలో మాకింటాష్ కోసం వేరొకరు చేసిన హైపర్‌కార్డ్ రూపాన్ని, జావాస్క్రిప్ట్ రూపాన్ని, నడుస్తున్న కవితల వీడియోను పక్కపక్కనే ఉంచారు. తెలుగులో ఇటువంటి పనికి పూర్వీకుడు ఉన్నాడు. కడపలోనూ మద్రాసులోనూ సి. పి. బ్రౌన్ పండితులను నియమించి చేయించినది ఈ పనే. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి, పాఠాంతరాలు గుర్తింపజేశాడు. ప్రతులన్నీ పక్కపక్కన ఉంటేనే ఏ ప్రతి ఏమి పోగొట్టుకుందో తెలుస్తుందన్న సూత్రం తాటాకుకు ఎంత వర్తిస్తుందో ఫ్లాపీకీ అంతే వర్తిస్తుంది.

మూత తీసిన పెట్టె, మూత బిగించిన పెట్టె

ప్రయోగశాల అనుభవం నుంచి ఎమర్సన్ తీసిన సిద్ధాంతం 2014లో వచ్చిన 'రీడింగ్ రైటింగ్ ఇంటర్‌ఫేసెస్' అనే పుస్తకంలో ఉంది. దాని సారాంశం ఇది. రాసే పరికరం ఎప్పుడూ తటస్థమైనది కాదు. అది కొన్ని రాతలను సుళువు చేస్తుంది, కొన్నిటిని అసాధ్యం చేస్తుంది. మంచి పరికరమంటే వాడేవారికి తాను ఉన్నట్టే తెలియనిది అని కంప్యూటర్ పరిశ్రమ నమ్మించింది. పరికరం కనబడకుండా పోయిన కొద్దీ అది పెట్టే హద్దులూ కనబడకుండా పోతాయి. అందుకని ఆ హద్దులు ఇంకా కనిపిస్తున్న పాత యంత్రాల దగ్గరికి ఒకసారి వెళ్ళి రావాలి.

ఈ వాదానికి ఆమె చూపే మలుపు 1977 నాటి యాపిల్ టూ నుంచి 1984 నాటి మాకింటాష్‌కు జరిగిన ప్రయాణం. మొదటిదాని మూత చేత్తో ఎత్తితే వచ్చేస్తుంది. లోపల అదనపు కార్డులు అమర్చుకునేందుకు వరసగా అరలు ఉంటాయి. రెండవదాని పెట్టె తెరవాలంటే సామాన్యంగా ఇళ్ళలో ఉండని పొడుగాటి స్క్రూడ్రైవర్ కావాలి. ఆన్ చేస్తే ప్రోగ్రామ్ రాయమనే ఆహ్వానం లేదు. బొమ్మలు ఉంటాయి, వాటి మీద మౌస్ నొక్కాలి. చదివేవాడు, రాసేవాడు ఒక్కడే అయిన దశ పోయి వాడకందారు అనే కొత్త మనిషి పుట్టాడని ఈ మార్పు చెబుతుంది.

ఇంతవరకూ వాదం బలంగానే ఉంది. ఒక అమెరికన్ పరిశ్రమ వాడకందారును ఎలా తయారుచేసిందో ఇంత స్థిమితంగా చూపిన పుస్తకాలు తక్కువ. కాని ఈ కథను తెలుగు వైపు నుంచి చదివితే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ 'తెరిచి ఉన్న' యంత్రం ఎవరికి తెరిచి ఉంది?

యాపిల్ టూ తెర మీద ఒక్కో అక్షరానికి దక్కిన గడి ఏడు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అసలు 1977 నాటి నమూనాలో ఇంగ్లీషు చిన్న అక్షరాలే లేవు. అవి 1983లో టూ-ఈతో పాటు వచ్చాయి. సొంత భాషలోని చిన్న బడికే ఆరేళ్ళు పట్టిన యంత్రంలో తలకట్టుకు, ఏత్వానికి, వట్రసుడికి, ఒత్తుకు చోటెక్కడ? ఎనిమిది చుక్కల ఎత్తులో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కూడా ఇమడదు. అక్షరం అంటే ఒక గడి, గడులు వరసగా పేరిస్తే మాట అన్న ఊహ ఆ యంత్రం మట్టిలోనే కలిసి ఉంది. తెలుగు అక్షరం ఎడమ నుంచి కుడికి మాత్రమే సాగదు. పైకీ, కిందికీ, ఒక్కోసారి వెనక్కీ సాగుతుంది. యాపిల్ టూలో తెలుగు చూడాలంటే 280 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మల తెర మీద దాన్ని అక్షరంగా కాక బొమ్మగా గీయాలి.

తెలుగువారిలో ప్రోగ్రామింగ్ రానివారికి కంప్యూటర్ మీద తెలుగు రాయడం సాధ్యమైంది బొమ్మల తెర, ఫాంటు అనే భావన మామూలైపోయాకే. అంటే ఇంగ్లీషు రచయితకు మూత బిగించిన యంత్రమే తెలుగు రచయితకు తలుపు తెరిచింది. ఇది ఎమర్సన్ వాదాన్ని కొట్టివేయదు, దానికి ఉన్న సరిహద్దును చూపిస్తుంది. తెరిచి ఉండటం, మూసి ఉండటం అన్నవి యంత్రపు గుణాలు మాత్రమే కావు, ఏ లిపిలో రాసేవాడు దాని ముందు కూర్చున్నాడన్నదాన్ని బట్టి కూడా మారతాయి. ప్రయోగశాల మన కంటికి చూపించే విషయాల్లో ఇదొకటి. ఆ ఏడు చుక్కల గడిని కళ్ళారా చూస్తే తప్ప, లోకంలో 'సాదా పాఠం' అని పిలిచేది నిజానికి ఇంగ్లీషు పాఠమని తట్టదు.

యంత్రమా, ప్రతియా?

పాత మాధ్యమాల మీద పని చేసేవారిని మొదటినుంచీ వేధిస్తున్న సందేహం ఒకటుంది. రచన బతకాలంటే దాని యంత్రాన్ని కాపాడాలా, రచనను కొత్త రూపంలోకి ఎత్తి రాయాలా? రెండు ప్రసిద్ధ ఉదాహరణలు ఈ సందేహాన్ని రెండు వైపులకూ లాగుతాయి.

ఒకటి బ్రిటన్‌లో జరిగింది. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ దేశం నలుమూలల నుంచి పది లక్షల మందికి పైగా భాగస్వాములను చేర్చుకుని ఒక కొత్త డూమ్స్‌డేని తయారుచేసింది. దాన్ని లేజర్ డిస్కుల మీద ప్రచురించింది. పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు కనుమరుగయ్యాయి. లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2002 నాటికి ఎమ్యులేటర్ నిర్మించి దాన్ని మళ్ళీ నడిపించవలసి వచ్చింది. చర్మపత్రాల మీద రాసిన 900 ఏళ్ళ నాటి గ్రంథం మాత్రం లాటిన్ వచ్చినవారికి అప్పుడూ ఇప్పుడూ చదవడానికి వీలుగానే ఉంది. ఈ కథ నేర్పేది యంత్రం లేకపోతే పాఠం లేదని.

రెండవది న్యూయార్క్‌లో జరిగింది. 1992లో విలియం గిబ్సన్ రాసిన 'అగ్రిప్పా' అనే సుమారు 300 పాదాల కవితను చిత్రకారుడు డెనిస్ ఆష్‌బా, ప్రచురణకర్త కెవిన్ బీగోస్ ఒక కళాఖండంగా రూపొందించారు. పుస్తకం లోపల ఒక ఫ్లాపీ. అది ఒక్కసారి నడుస్తుంది, పాదాలు తెర మీద పైకి సాగిపోతాయి, ఆ తర్వాత ఫ్లాపీలోని పాఠం తనను తాను ఎవరూ చదవలేని విధంగా మార్చేసుకుంటుంది. జ్ఞాపకం జారిపోవడం గురించి రాసిన కవిత తానే జారిపోవాలన్నది ఉద్దేశం. కాని ఆ డిసెంబరులో జరిగిన ప్రదర్శనను కొందరు గుట్టుగా చిత్రీకరించి, పాఠాన్ని వెంటనే ఒక ఎలక్ట్రానిక్ బులెటిన్ బోర్డు మీద పెట్టేశారు. అంతటితో అది చావు లేని కవిత అయిపోయింది. ఈ ఉదంతాన్ని తవ్వి తీసినవారిలో ముఖ్యుడు మాథ్యూ కిర్షెన్‌బామ్. 2008 నాటి 'మెకానిజమ్స్' గ్రంథంలో ఆయన ఎలక్ట్రానిక్ రచనకు అయస్కాంతపు జాడగా ఒక ఉనికి, సంకేతాల వరసగా ఇంకొక ఉనికి ఉంటాయని వివరించాడు. అగ్రిప్పా మొదటి ఉనికిని పోగొట్టుకుని రెండవదానితో బతుకుతోంది. ఈ కథ నేర్పేది ప్రతి ఉంటే యంత్రం లేకపోయినా పరవాలేదని.

రెండు కథలూ నిజమే, ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. ఇంటర్నెట్‌లో దొరికే అగ్రిప్పాను ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు, ఆ కారణంగానే అది గిబ్సన్ బృందం తలపెట్టిన కవిత కాదు. నాగార్జునకొండతో పోల్చుకుంటే ఇది సుళువుగా తెలుస్తుంది. సాగరు నీళ్ళు లోయను ముంచకముందే అక్కడి కట్టడాలు కొన్నిటిని విప్పి కొండ మీద తిరిగి కట్టారు. రాళ్ళు అవే, వరస కూడా అదే. లోయ మాత్రం లేదు. తిరిగి కట్టకపోయి ఉంటే ఆ రాళ్ళు కూడా ఉండేవి కావు. తరలింపు తప్పనిసరి, తరలింపులో నష్టమూ తప్పనిసరి. పాఠపరిష్కర్త చేయగలిగింది ఆ నష్టం ఏమిటో నమోదు చేసి ఉంచడం.

ఇక్కడే బౌల్డర్ పద్ధతికి ఉన్న బలహీనత కూడా బయటపడుతుంది. నడిపిన ప్రతిసారీ యంత్రం ఆయుష్షు కొంత తరుగుతుంది. కెపాసిటర్లు ఉబ్బి కారుతాయి, బ్యాటరీల ఆమ్లాలూ క్షారాలూ బోర్డులను తినేస్తాయి, ఫ్లాపీ మీది అయస్కాంతపు పూత పొట్టులా రాలిపోతుంది. అందరూ ముట్టుకోవచ్చునన్న సూత్రం ఉదారమైనదే కాని అది నిరవధికంగా సాగేది కాదు. దీనికి ఒక మధ్యేమార్గాన్ని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాంకూవర్ ప్రాంగణంలో ఎలక్ట్రానిక్ లిటరేచర్ ల్యాబ్ నడుపుతున్న డీన్ గ్రిగర్, రచయిత స్టూవర్ట్ మౌల్‌త్రాప్‌తో కలిసి చూపారు. షెల్లీ జాక్సన్ రాసిన 'ప్యాచ్‌వర్క్ గర్ల్' (1995) వంటి తొలితరం హైపర్‌టెక్స్ట్ రచనలను, ఆనాటి కంప్యూటర్ల మీద, ఆయా రచయితల చేతనే చదివించి, వారు ఎక్కడ నొక్కుతున్నారో, ఎందుకు ఆగుతున్నారో మాటలతో సహా వీడియో తీశారు. యంత్రం రేపు ఆగిపోయినా చదివిన తీరు మిగులుతుంది. వైద్యంలో అవయవంతో పాటు రోగచరిత్రను కూడా భద్రపరచడం వంటిది ఇది. రోగచరిత్ర లేని అవయవం కేవలం ఒక మాంసఖండం.

ఈ తొలితరం రచనల భవితవ్యంలో ఒక విషాదహాస్యం కూడా ఉంది. రాబర్ట్ కూవర్ 1992లో న్యూయార్క్ టైమ్స్ పుస్తక సంచికలో హైపర్‌టెక్స్ట్‌ను స్వాగతిస్తూ రాసిన ప్రసిద్ధ వ్యాసానికి శీర్షిక పుస్తకాల అంతం. ఆ వ్యాసం ఎత్తి చూపిన తరం రచనలు నడవడానికి ఇప్పుడు ప్రత్యేకమైన ప్రయోగశాలలు కావాలి. అంతమవుతాయన్న పుస్తకాలు అలమరలలో నిక్షేపంగా ఉన్నాయి.

తెలుగు ఫైళ్ళు

ఈ చర్చ తెలుగువారికి దూరపు ముచ్చట కాదు. పైన చెప్పిన సమస్యలన్నీ తెలుగు రాతకు ఇంకాస్త తీవ్రంగా వర్తిస్తాయి. పైగా తెలుగుకు బౌల్డర్ వంటి నేలమాళిగ ఒక్కటి కూడా పేరు చెప్పుకోదగినది లేదు.

యూనికోడ్ తొలి రూపం 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. భారతదేశపు సొంత ప్రమాణమైన ఇస్కీ కూడా అదే ఏడాది స్థిరపడింది. కాని మామూలు ఇంటి కంప్యూటర్‌లో యూనికోడ్ తెలుగు కనబడటానికి 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటు దాకా ఆగవలసి వచ్చింది. ఈ మధ్యకాలంలో, ఆ తర్వాత కూడా చాలాకాలం, తెలుగు నడిచింది ఫాంటు మాయతో. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన ఫాంట్లు తయారయ్యాయి. అటువంటి ఫాంటులో ఉండేవి ఎంత పొదుపుగా వాడినా 256 లోపు గదులు. వేలల్లో ఉండే గుణింతాలనూ ఒత్తులనూ ఆ గదుల్లో ఇరికించడానికి అక్షరాన్ని తలకట్టుగా, కొమ్ముగా, దీర్ఘంగా, ఒత్తుగా విడగొట్టి, తెర మీద తిరిగి అతికించారు. ఏ ముక్క ఏ గదిలో ఉండాలన్నది ఏ ఇద్దరూ ఒకేలా నిర్ణయించుకోలేదు. ఒక్కో దినపత్రికది ఒక్కో అమరిక, ఒక్కో సాఫ్ట్‌వేర్ కంపెనీది ఇంకొక అమరిక. విజయవాడ, హైదరాబాదు డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్‌తో పాటు ఇంటిపేరుగా స్థిరపడిన 'అను' ఫాంట్లు ఈ కోవలోవే. 

దీని పర్యవసానం నికల్ ఫ్లాపీకి పట్టినదాని కంటే చిత్రమైనది. నికల్ ఫ్లాపీ చదవడానికి యంత్రం కావాలి. ఈ తెలుగు ఫైలును చదవడానికి యంత్రమూ ఉంది, ఫైలూ తెరుచుకుంటుంది. కాని ఫాంటు లేకపోతే కనిపించేది ఇంగ్లీషు అక్షరాల, విరామచిహ్నాల కలగాపులగం. ఆనాటి తెలుగు వెబ్‌సైట్ల పుటలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నా, ఫాంటు జత లేనిచోట అవి అలాగే కనిపిస్తాయి. కిర్షెన్‌బామ్ చెప్పిన రెండు ఉనికులూ చెక్కుచెదరకుండా ఉండి కూడా పాఠం లేని స్థితి ఇది. ఆ సిద్ధాంతంలో ఈ మూడవ స్థితికి చోటు కల్పించడానికి తెలుగు ఉదాహరణ పనికొస్తుంది.

వీటిని యూనికోడ్‌లోకి తేవడం సాధ్యమే. దినపత్రికల ఫాంట్లను విప్పిన 'పద్మ' వంటి ఉచిత పనిముట్లు ఆ సంగతి నిరూపించాయి. అయితే అదేమీ అక్షరానికి అక్షరం మార్చే పని కాదు. కొన్ని ఫాంట్లలో 'క్ర' రాయాలంటే క్రావడి ముందు, కకారం తర్వాత నమోదవుతాయి, ఎందుకంటే కంటికి కనబడే వరస అది. వాటిని పలికే వరసలోకి తిప్పాలి. అలా తిప్పడంలో మారకం పనిముట్టు చేసే పొరపాట్లు, లేఖకుడు తాటాకు మీద చేసిన పొరపాట్ల వంటివే. ఒకసారి దొర్లితే ఆ తర్వాతి ప్రతులన్నిటికీ అంటుకుంటాయి. పాత అచ్చు పుస్తకాల్లో విరివిగా కనిపించే నకారపొల్లు మరొక ఉదాహరణ. దానికి యూనికోడ్‌లో విడిగా స్థానం దొరికింది 2021లోనే. అంతకుముందు ఎత్తి రాసిన పుస్తకంలో పొల్లు ఏ రూపంలో ఉండేదో నేడు ఆ ఫైలును బట్టి చెప్పలేము. 

ఇక రెండవ వైపు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు తెలుగును మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద రాసే ఒక కట్టుబాటును రూపొందించారు. అదే ఆర్‌టీఎస్. ఇంగ్లీషు చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడాతో తకారానికీ టకారానికీ, నకారానికీ ణకారానికీ భేదం చూపే ఆ రాత కంటికి ఇంపైనది కాదు. స్కిట్ అని అందరూ పిలుచుకున్న యూజ్‌నెట్ చర్చావేదిక మీద ప్రవాసాంధ్రులు పద్యాల మీద, వ్యాకరణం మీద, కథల మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నది ఈ రాతలోనే. ఆ వాదనలను ఇప్పుడు తెరిచినా ఏ ఫాంటూ అక్కర లేకుండా చదవవచ్చు, నిమిషంలో తెలుగు లిపిలోకి మార్చుకోవచ్చు. ముచ్చటైన ఫాంట్లలో కూర్చిన పుటలు మూగపోయాయి, ముతక రాత మిగిలింది. కారణం ఒక్కటే. ఆర్‌టీఎస్‌లో ఏ గుర్తు ఏ అక్షరమో అందరికీ తెలుసు. ఫాంట్లలో ఏ గది ఏ ముక్కదో వాటిని తయారుచేసినవారికే తెలుసు.

యంత్రం తెరిచి ఉండటం అంటే ఏమిటో ఇక్కడ మరింత స్పష్టమవుతుంది. మూత తీయగలగడం, ప్రోగ్రామ్ రాయగలగడం మాత్రమే కాదు. రాతకూ అక్షరానికీ మధ్య ఉన్న ఒప్పందం బహిరంగంగా ఉండటం. ఆ ఒప్పందం అందరి చేతుల్లో ఉన్న పాఠం యంత్రాలు మారినా బతుకుతుంది. ఒకరి చేతుల్లోనే ఉన్న పాఠం ఆ ఒక్కరితో పాటు పోతుంది. ఎమర్సన్ పుస్తకం మొదటి అర్థాన్ని బాగా చూపింది. రెండవ అర్థం తెలుగు వంటి భాషల చరిత్ర నుంచి చేర్చవలసినది.

చేయవలసిన పని

అచ్చయిన పుస్తకాలకు ప్రమాదం తక్కువ, వాటిని స్కాన్ చేసుకోవచ్చు. ప్రమాదంలో ఉన్నది అచ్చు కానిది. రచయితలు తమ కంప్యూటర్లలో దిద్దుకున్న చిత్తుప్రతులు, అచ్చుకు ముందు మార్చిన వాక్యాలు, సంఘాల సంచికలకు కూర్చిన ఫైళ్ళు, ఆగిపోయిన వెబ్ పత్రికల సంచికలు. ఇవి అమెరికాలో, గల్ఫ్‌లో, ఇంగ్లండ్‌లో తెలుగువారి ఇళ్ళ అటకల మీద, గరాజుల్లో, ఫ్లాపీల మీద, జిప్ డిస్కుల మీద, మొదటితరం సీడీల మీద ఉన్నాయి. వాటి యజమానులు ఇప్పుడు పెద్దవారయ్యారు. ఇల్లు మారినప్పుడో ఇంటిపెద్ద పోయినప్పుడో చెత్తబండి ఎక్కేవాటిలో ఈ డబ్బాలు మొదటివి.

బౌల్డర్, వాంకూవర్ ప్రయోగశాలల నుంచి తీసుకోదగిన పద్ధతి ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. ముందుగా, డిస్కు దొరికితే దాని మీది ఫైళ్ళను మాత్రమే కాక మొత్తం డిస్కు ప్రతిబింబాన్ని తీసుకోవాలి. అయస్కాంతపు మార్పులనే నేరుగా నమోదు చేసే క్రయోఫ్లక్స్ వంటి పరికరాలు ఇప్పుడు వ్యక్తులకు కూడా అందుబాటులో ఉన్నాయి. ఆ తర్వాత, ఫైలుతో పాటు ఫాంటును, ఫాంటుతో పాటు దాన్ని నడిపిన సాఫ్ట్‌వేర్ పేరును, వీలైతే ఏ గదిలో ఏ ముక్క ఉందో చెప్పే పట్టికను జతపరచాలి. యూనికోడ్‌లోకి మార్చినా మూలప్రతిని పారేయకూడదు, మార్చిన పనిముట్టు ఏదో, ఎప్పుడు మార్చారో రాసిపెట్టాలి. అన్నిటికంటే ముందు, ఆ రోజుల్లో ఈ ఫైళ్ళు కూర్చిన డీటీపీ ఆపరేటర్లను, ప్రోగ్రాములు రాసినవారిని, చర్చావేదికలు నడిపినవారిని కూర్చోబెట్టి, పాత కంప్యూటర్ ముందు వారు ఎలా పనిచేసేవారో వీడియో తీయాలి. గ్రిగర్ చేసిన పని ఇదే. యంత్రాలను తర్వాతైనా వెతకవచ్చు. ఫలానా ఫాంటులో 'క్ష్మి' కూర్చడానికి ఏయే మీటలు ఏ వరసలో నొక్కేవారో చేతి అలవాటుగా తెలిసిన మనిషిని తర్వాత వెతకలేము.

బ్రౌన్ తాళపత్రాలు సేకరించేనాటికి వాటిని చదవగల పండితులు ఊరూరా ఉన్నారు. ఈ ఫైళ్ళను చదవగలవారు కూడా ప్రస్తుతానికి ఉన్నారు, వారిలో చాలామంది ఇటువంటి వ్యాసాలు చదివేవారే. ఒక విశ్వవిద్యాలయమో, ఒక తెలుగు సంఘమో ఒక గది, రెండు మూడు పాత కంప్యూటర్లు, తీరిక ఉన్న నలుగురు మనుషులు కేటాయిస్తే ఈ పని మొదలవుతుంది. బౌల్డర్‌లో మొదలైనది కూడా కొన్ని యాపిల్ టూ-ఈలతో, ఒకే ఒక్క కవితాసంపుటి కోసం.